వరి ఆకులో ఒంటరి ఎలక్ట్రాన్

ఎండలో వంగి కలుపు తీసినవాళ్ల వీపు కమిలిపోతుంది. పంటకాలమంతా అదే ఎండలో నిలబడిన వరి ఆకు మాత్రం పచ్చగానే ఉంటుంది. అమలాపురం, రాజోలు చేలగట్ల మీద ఎవరికైనా తోచే ప్రశ్న ఇది: ఎందుకలా? ఆకు పైపొరలోని పదార్థాలు అతినీలలోహిత కిరణాలను కొంత అడ్డుకుంటాయి, నిజమే. కానీ వాటిని దాటి వెళ్లిన కిరణాలు వరి డీఎన్ఏలోనూ పక్కపక్కనున్న రెండు థైమిన్ అక్షరాలను అతికించేస్తాయి. అసలు తేడా మరమ్మతులో ఉంది. వరికి ఫోటోలయేజ్ అనే ఎంజైమ్ ఉంది. చేపలకూ పక్షులకూ కూడా ఉంది. ఎండలోని నీలి కాంతితోనే అది ఆ అతుకు విప్పేస్తుంది. మనిషీ, పశువూ, ఎలుకా పరిణామ క్రమంలో దీన్ని పోగొట్టుకున్నాయి. మన కణాలు పాడైన ముక్కను కత్తిరించి కొత్తది పూడ్చుకోవాలి, అది నిదానంగా సాగే పని.

అతినీలలోహితంతో దెబ్బతిన్న సూక్ష్మజీవులు వెలుతురు తగిలితే కోలుకుంటాయని 1949లో ఆల్బర్ట్ కెల్నర్, రెనాటో డల్బెకో విడివిడిగా ప్రకటించారు. ఆ పని చేసే ఎంజైమ్ గుండెలో ఉన్నది ఫ్లేవిన్, అంటే బి2 విటమిన్ నుంచి తయారయ్యే అణువు. దానికి మూడు స్థితులు. ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నప్పుడు పసుపు. రెండు ఎలక్ట్రాన్లు పుచ్చుకుంటే దాదాపు రంగే ఉండదు. ఒక్కటే పుచ్చుకుంటే జత లేని ఎలక్ట్రాన్‌తో రాడికల్ అవుతుంది, ఒక ప్రోటాన్ కూడా చేరితే నీలంగా కనిపిస్తుంది. నీళ్లలో విడిగా ఉన్న ఫ్లేవిన్ రాడికల్ నిలవదు, రెండు రాడికల్స్ ఎదురైతే ఒకటి ఎలక్ట్రాన్‌ను ఇచ్చేస్తుంది, మరొకటి తీసేసుకుంటుంది. ప్రోటీన్ పొదిగి పట్టుకుంటే మాత్రం గంటల తరబడి ఉండగలదు. జీవ పదార్థాల్లో ఎలక్ట్రాన్లు జంటగానే కదులుతాయని రసాయనవేత్తలు గట్టిగా నమ్మిన 1930లలో, ఒక్కొక్కటిగా కూడా కదులుతాయని లియోనార్ మైకేలిస్ వాదించి నిలబెట్టాడు.

ఆ విజయమే తరువాతివాళ్లను తొందరపెట్టిందని నా అభిప్రాయం. అజీజ్ శాన్‌కార్ బృందం ఈ. కోలై బాక్టీరియా నుంచి ఫోటోలయేజ్‌ను శుద్ధి చేస్తే చేతికి వచ్చిన ద్రవం నీలం. అందులో ఉన్నది ఫ్లేవిన్ రాడికలేనని 1984లో ప్రకటించారు. ఆ నీలి ఎంజైమ్ మీద వెలుతురు వేస్తే డీఎన్ఏ బాగుపడింది కూడా. పనిచేసేది రాడికలేనని అనుకోవడానికి ఇంకేం కావాలి? కానీ అది తప్పు. శుద్ధి చేసే సమయంలో గాలిలోని ఆక్సిజన్ ఒక ఎలక్ట్రాన్‌ను లాగేసుకోవడం వల్ల వచ్చిన రంగు అది. బతికున్న కణంలో ఫ్లేవిన్ రెండు ఎలక్ట్రాన్లతో నిండుగా ఉంటుందని అదే బృందం 1987లో తేల్చింది. మరి నీలి ఎంజైమ్ ఎలా పనిచేసింది? వెలుతురు పడగానే ఎంజైమ్‌లోని మూడు ట్రిప్టోఫాన్ అమైనో ఆమ్లాలు, 306, 359, 382 స్థానాల్లోనివి, ఒకదాని నుంచి ఒకటి ఎలక్ట్రాన్ అందుకుని ఫ్లేవిన్‌కు చేరవేశాయి. రాడికల్ మాయమయ్యాకే మరమ్మతు మొదలైంది. పరీక్షనాళికలో అలా కుదిరింది కనుక కణంలోనూ ఈ చేరవేత అవసరమే కదా అనవచ్చు. కానీ 306వ ట్రిప్టోఫాన్‌ను మార్చేసిన బాక్టీరియాలో కూడా మరమ్మతు మామూలుగానే సాగిందని 2004లో చూపారు. ఆ అభ్యంతరం అక్కడితో వీగిపోయింది.

అలాగని రాడికల్‌కు ఈ కథలో చోటు లేదనడం మరో పొరపాటు. నిండు ఫ్లేవిన్ వెలుతురు తగలగానే అతుక్కున్న థైమిన్ జంటకు ఒక ఎలక్ట్రాన్‌ను చేబదులిస్తుంది. ఆ ఎలక్ట్రాన్ చేరగానే అతుకులోని బంధాలు తెగుతాయి, ఎలక్ట్రాన్ తిరిగి ఫ్లేవిన్‌కు వచ్చేస్తుంది. మొత్తం వ్యవహారం ఒక నానోసెకను, అంటే సెకనులో వంద కోట్లో వంతు. ఆ కాసేపే ఫ్లేవిన్ రాడికల్. ఈ. కోలై ఎంజైమ్‌లో కాంతిని ముందుగా పట్టి ఫ్లేవిన్‌కు అందించే సహాయకుడు ఫోలేట్ జాతి అణువు. గోదావరి పాయ వశిష్ఠకు అవతల భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాల 1940లలో తయారుచేసి చూపిన ఫోలిక్ ఆమ్లం ఈ కుటుంబానిదే.

నీలి రాడికలే నిజంగా పనిచేసే చోటు వేరే ఉంది. మొక్కల్లో, ఫోటోలయేజ్‌కు దాయాదులైన క్రిప్టోక్రోమ్‌లు అనే ప్రోటీన్లలో, పసుపు ఫ్లేవిన్ నీలి కాంతితో రాడికల్‌గా మారి, వెలుతురు వచ్చిందన్న కబురును కణానికి చేరవేస్తుంది. ఒకే ఇంటి అణువు, ఒకే రాడికల్: ఒకచోట నానోసెకను దశ, మరోచోట నిలిచే సంకేతం. అందుకే, కంటికి కనిపించిన స్థితే పనిచేసే స్థితి అని ఏ ఎంజైమ్ విషయంలోనూ ముందే తీర్మానించకూడదు.

ఉపయోగమేమిటంటే, ఫోటోలయేజ్‌ను కలిపిన చర్మ లేపనాలను విదేశీ దుకాణాల్లో అమ్ముతున్నారు. పొలానికి వాటితో పనిలేదు, వరిలోని ఎంజైమ్ ఎలాంటిదన్నదే ముఖ్యం. జపాన్ వరిలో ససానిషికి అతినీలలోహితానికి తట్టుకుంటుంది, నోరిన్-1 తట్టుకోలేదు. రెంటి ఫోటోలయేజ్‌కూ తేడా 126వ స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లం. అతినీలలోహితం మనలాంటి ఉష్ణమండలంలోనే ఎక్కువ. మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చి డెల్టా అంతా పరుచుకున్న స్వర్ణ వంటి రకాల్లో ఆ 126వ చోట ఏముందో మన వరి శాస్త్రవేత్తలు రైతుకు అర్థమయ్యేలా చెప్పాలి.