అందరి లెక్కా అడిగేవాళ్ల లెక్క

బషీర్‌బాగ్ దేశోద్ధారక భవన్‌లోని ప్రెస్ క్లబ్‌కు ఏ రోజు వెళ్లినా ఏదో ఒక సంఘం తన వాటా గురించి మాట్లాడుతూ కనిపిస్తుంది. వెనక ఫ్లెక్సీ, బల్ల మీద చానళ్ల లోగోలు, చేతికో ప్రెస్‌నోట్, ఆఖర్లో చాయ్. ఒకనాడు ఎస్సీ వర్గీకరణ, ఇంకోనాడు బీసీలకు 42 శాతం, మరోనాడు ఔట్‌సోర్సింగ్ కొలువుల్లో రిజర్వేషన్. డిమాండ్ మారుతుంది గానీ ప్రశ్న మారదు: మేమెంతమందిమి, మాకు దక్కిందెంత? ఎదురు కుర్చీల్లో కూర్చున్న విలేకరులు ఆ అంకెల్ని జాగ్రత్తగా రాసుకుంటారు. వర్గీకరణ చట్టం మూడు గ్రూపులకు 1, 9, 5 శాతం పంచిందని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. 2025 ఫిబ్రవరిలో తెలంగాణ కులసర్వే వివరాలు వెల్లడైతే బీసీలు 56.33, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45 శాతమని దశాంశాలతో సహా అచ్చేశారు. ఒక్క చోట మాత్రం దశాంశాలు కాదు కదా, అంకెలే ఉండవు. అది ఆ ఎదురు కుర్చీల వరుస.

వార్తలు రాసే వృత్తిలో ఎవరెవరున్నారు, ఏ మెట్టు మీద ఉన్నారు? ఈ ప్రశ్న కొత్తది కాదు. 1996లో ఢిల్లీలో పనిచేస్తున్న ఒక అమెరికన్ విలేకరి ఒక వార్త విషయంలో దళిత జర్నలిస్టుతో మాట్లాడాలనుకుని, ఎవరైనా ఉంటే చెప్పమని బి.ఎన్. ఉనియాల్‌ను అడిగారు. ఉనియాల్ సీనియర్ పాత్రికేయుడు. ఆయన ముందు తన జ్ఞాపకంలో వెతికారు, తర్వాత తోటివాళ్లను అడిగారు, చివరికి కేంద్ర ప్రభుత్వ అక్రిడిటేషన్ జాబితా తిరగేశారు. 686 మంది ఉన్న ఆ జాబితాలో ఆయనకు ఒక్క దళితుడూ దొరకలేదు. ఆ సంగతే అదే ఏడాది నవంబరు 16న ‘పయనీర్’లో రాశారు. అన్నేళ్ల అనుభవంలో తనకీ ప్రశ్న ఎందుకు తట్టలేదన్న ఆశ్చర్యమే ఆ వ్యాసానికి బలం.

పదేళ్ల తర్వాత, 2006లో, అనిల్ చమాడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మంది వివరాలు సేకరించారు. అందులో 71 శాతం అగ్రవర్ణ హిందూ పురుషులు. స్త్రీలు 17 శాతం. ఎస్సీ, ఎస్టీలు సున్నా. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి న్యూస్‌రూముల నాయకత్వ స్థానాలు 121 చూస్తే 106 అగ్రవర్ణాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు మళ్లీ సున్నా. ఈ ఇరవై మూడేళ్లలో దేశంలో టెలిఫోన్ మారింది, ప్రధానులు మారారు, పేపరు ధర మారింది. సున్నా ఒక్కటే మాట మీద నిలబడింది.

ఇవన్నీ ఢిల్లీ లెక్కలు కదా అని మనం ఊపిరి పీల్చుకోవచ్చు. కాకపోతే ఢిల్లీకి తిట్టించుకోవడానికైనా ఒక లెక్క ఉంది. మన తెలుగు పత్రికలు, చానళ్లు తమ డెస్కుల్లో ఎవరున్నారో ఏటా పాఠకుడికి చెప్పే అలవాటు పెట్టుకోలేదు. కింది మెట్టు మీద మార్పు వచ్చిన మాట నిజం. 1989లో ‘ఈనాడు’ జిల్లా టాబ్లాయిడ్లు మొదలుపెట్టాక, మిగతా పత్రికలూ అదే దారి పట్టాక, మండలానికో విలేకరి కావాల్సి వచ్చాడు. అన్ని కులాల పిల్లలూ ఆ పనిలోకి వచ్చారు. అయితే ఆ పనికి జీతం లేదు, అచ్చయిన వార్తకు సెంటీమీటర్ల చొప్పున లైన్ అకౌంట్ ఉంది, పైగా పండగొస్తే యాడ్లు తెమ్మనే టార్గెట్ ఉంది. వైవిధ్యం కావాలంటే కింద చూడండి, జీతం కావాలంటే పైకి చూడండి అన్నట్టుగా సాగిన ఏర్పాటు అది. ఆ పైన యాజమాన్యాలు ఏ రెండు మూడు కులాలవో తెలుగు పాఠకుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంతకీ డెస్కులో ఎవరున్నారన్నది పాఠకుడికెందుకు? వార్త రాస్తే చాలదా? దీనికి జవాబు కావాలంటే ప్రెస్ క్లబ్‌లో పుట్టిన ఒక వార్త వెంట కాసేపు నడవాలి. పొద్దున పదకొండుకు ప్రెస్‌మీట్. ఏ ఊళ్లోనో దళితవాడకు శ్మశానం దారి మూసేశారని ఒక సంఘం చెబుతుంది. రిపోర్టర్ వింటాడు. అది రాయదగ్గదా, రోజూ ఉండేదేనా అన్నది మొదటి నిర్ణయం. మధ్యాహ్నం బ్యూరో చీఫ్‌కు ఆ రోజు ఐటమ్స్ చెబుతాడు. ‘బ్రీఫ్ ఇచ్చెయ్’ అన్నది రెండో నిర్ణయం. సాయంత్రం డెస్కులో సబెడిటర్ హెడ్డింగ్ పెడతాడు. ‘దారి కోసం దళితుల పోరు’ అనా, ‘శ్మశానం దారి వివాదం’ అనా? మొదటి దాంట్లో మనుషులున్నారు, రెండో దాంట్లో గొడవే ఉంది. అది మూడో నిర్ణయం. రాత్రి ఎడిషన్ ఇన్‌చార్జ్ పేజీ పెడుతుంటే యాడ్ ఒకటి వస్తుంది. సింగిల్ కాలమ్ వార్తల్లో ఏది తీసెయ్యాలి? అది నాలుగో నిర్ణయం. ఈ నలుగురిలో ఎవరికీ ఎవరిమీదా ద్వేషం ఉండక్కర్లేదు. నలుగురూ ఆ దారిలో ఎన్నడూ శవాన్ని మోయాల్సిన అవసరం లేనివాళ్లయితే చాలు. నలుగురిలో ఒక్కడికి ఆ దారి తెలిసి ఉన్నా ఆ బ్రీఫ్ మూడు కాలమ్‌ల వార్త అవుతుంది.

మాటల మంచిచెడ్డల మీద మన వృత్తిలో జరిగే వాదాలను కూడా ఇక్కణ్నుంచే చూడాలి. ఫలానా పదం వాడొద్దు, ఫలానాదే వాడాలి అన్న పట్టింపును కొందరు పెద్దమనుషుల సంస్కారంగా చూస్తారు, కొందరు పోలీసు పనిగా చూస్తారు. రెండు ఉదాహరణలు తీసుకుందాం.

మొదటిది ‘దివ్యాంగులు’. 2015 డిసెంబరులో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఈ మాట తెచ్చారు. వికలాంగుల హక్కుల సంఘాలు చాలా వరకు వద్దన్నాయి. మాకు దివ్యత్వం అక్కర్లేదు, బస్సెక్కే వీలుంటే చాలన్నాయి. పత్రికలు మాత్రం ఇట్టే మార్చేశాయి. పదం మారడానికి డెస్కుకు ఒక మెసేజ్ చాలింది. ర్యాంపుకైతే సిమెంటు కావాలి, ఆఫీసులో చక్రాల కుర్చీ మీద కూర్చున్న సబెడిటర్ కావాలంటే నియామకం కావాలి. ఖర్చు లేని మర్యాద మన దగ్గర ఎప్పుడూ త్వరగానే అమలవుతుంది.

రెండోది ‘పరువు హత్య’. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, వేరే కులపు అమ్మాయిని పెళ్లి చేసుకున్నందుకు ఒక దళిత యువకుణ్ని భార్య కళ్ల ముందే నరికి చంపించారు. పత్రికలు అలవాటు ప్రకారం ‘పరువు హత్య’ అన్నాయి. ఎవరి పరువు? చంపించినవాడిది. అంటే చంపించినవాడు ఏ కారణం చెప్పుకుంటాడో దాన్నే మనం హెడ్డింగులో పెట్టి అతని తరఫున వకాల్తా తీసుకున్నామన్నమాట. దళిత సంఘాలు, కొందరు పాత్రికేయులు దాన్ని కుల దురహంకార హత్య అనాలని పట్టుబట్టారు. ఇది సున్నితత్వం కోసం పడిన పేచీ కాదు. సంఘటనను ఎవరి వైపు నిలబడి చూస్తున్నామన్నది ఆ ఒక్క పదంలో తేలిపోతుంది. కాబట్టి మాటల మీద పట్టింపంతా వృథా అనలేం, అంతా సంస్కారమనీ అనలేం. ఆ మాట ఎవరిమీద పడుతుందో వాళ్లు గదిలో ఉండి చెబితే అది సవరణ. వాళ్లు లేని గదిలో మిగిలినవాళ్లే సర్దుకుంటే అది అలంకారం.

ఈ సంగతి మన పాత్రికేయులకు తెలియదా అంటే, అందరికంటే బాగా తెలుసు. తెలంగాణ ఉద్యమమే సాక్ష్యం. 2001లో తెలంగాణ జర్నలిస్టుల ఫోరం పుట్టినప్పుడు లేవనెత్తినది ఇదే ప్రశ్న: మా ప్రాంతం వార్తలు, మా భాష, మా కష్టం మరో ప్రాంతపు కళ్లతో ఎందుకు కనబడాలి? అప్పట్లో దానికి వచ్చిన జవాబులు కూడా ఇప్పుడు వినిపించేవే. జర్నలిస్టుకు ప్రాంతం ఉండదు, ఉండేది ప్రతిభే, మీరే విభజన తెస్తున్నారు. ఫోరం వాళ్లు ఆ నీతిబోధ విని ఇంటికి పోలేదు. ఫోరం నాయకుడు అల్లం నారాయణ 2011 జూన్‌లో ‘నమస్తే తెలంగాణ’ మొదలైనప్పుడు దాని సంపాదకుడయ్యారు. తెలంగాణ మాట వెటకారానికి కాక సంపాదకీయానికి పనికొచ్చింది. ప్రాంతం విషయంలో అంత స్పష్టంగా తెలిసిన సూత్రం కులం దగ్గరికి, ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి గుర్తుకు రాకపోవడమే విచిత్రం.

ఇక అభ్యంతరాలు. ఇవి కొట్టిపారేయదగ్గవి కావు, ఒక్కొక్కటే చూద్దాం.

‘మా ఆఫీసులో కులం చూడం’ అన్నది మొదటిది. చూడకపోవచ్చు. కానీ కొత్తగా చేరినవాణ్ని ఇంటిపేరేంటి, ఏ ఊరు, ఎవరి తాలూకు అని వరసగా అడగడం మానలేదు. ఆ మూడు ప్రశ్నలకూ జవాబు దొరికాక నాలుగోది అడగాల్సిన పనుండదు. ఇక చూడనిదేముంది?

‘ప్రతిభ ఉంటే ఎవరైనా రావచ్చు’ అన్నది రెండోది. నిజమే, భాష రానివాణ్ని డెస్కులో కూర్చోబెట్టమని ఎవరూ అనడం లేదు. కానీ ఖాళీ ఉన్న సంగతి ముందు ఎవరికి తెలుస్తోంది? చాలా ఉద్యోగాలు ప్రకటనతో కాదు, ‘మనవాడొకడున్నాడు’ అన్న ఫోనుతో భర్తీ అవుతాయి. ఆ ఫోన్‌లో ప్రతిభ కంటే ముందు వినిపించేది ‘మన’ అన్న రెండక్షరాలు. మూడు నెలలు జీతం ఆలస్యమైనా తట్టుకోగలవాడే ఈ వృత్తిలో నిలుస్తాడన్నది కూడా ప్రతిభ కింద లెక్కవుతోంది.

‘ఆడపిల్లలు నైట్ డ్యూటీకి రారు’ అన్నది మూడోది. దూరపు జిల్లాల పేజీలు ముందు వెళ్లిపోతాయి, సిటీ పేజీలు అర్ధరాత్రి దాటాక గానీ వెళ్లవు. ఆ వేళకు ఇంటికి చేర్చే వాహనం లేకపోతే ఎవరొస్తారు? రానందుకు ఫీచర్స్‌లో, ఆడవాళ్ల పేజీలో వేస్తారు. ఆ పేజీలో పదేళ్లు చేసినందుకు రాజకీయ వార్తల అనుభవం లేదని ఇన్‌చార్జ్ పోస్టు ఇవ్వరు. అవకాశమిస్తే ఏం చేస్తారో చూడాలంటే చిత్తూరు జిల్లా చాలు. పొదుపు సంఘాల ఆడవాళ్లు, కొత్తగా అక్షరాలు నేర్చుకున్నవాళ్లు, 2001 నుంచి ‘నవోదయం’ పత్రికను తామే రాసి, తామే దిద్ది నడిపారు. దానికి ప్రతిభ ఎక్కడి నుంచో దిగుమతి కాలేదు.

‘మీ పత్రిక మీరు పెట్టుకోండి’ అన్నది నాలుగోది. పెట్టుకున్నారు కూడా. దళిత ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ 1931లోనే హైదరాబాద్ నుంచి ‘భాగ్యనగర్’ పక్షపత్రిక నడిపారు. అది గొప్ప సంగతే. అయితే వేలల్లో అమ్ముడయ్యే చిన్న పత్రికలో మన మాట, లక్షల్లో అమ్ముడయ్యే పెద్ద పత్రికలో వాళ్ల మాట అన్నది పంపకం కాదు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. లెక్క పెట్టడమంటే మనుషుల్ని కులం పేరుతో నిలబెట్టడం కాదా? 2023 అక్టోబరులో రాహుల్ గాంధీ ఢిల్లీలో ప్రెస్‌మీట్ పెట్టి, మీలో ఓబీసీలెంతమంది, దళితులెంతమంది, చేతులెత్తండి అన్నారు. ప్రశ్న సరైనదే, పద్ధతి సరికాదు. జీతమిచ్చే యజమాని ముందు, పోటీ పత్రికల ముందు, కెమెరాల ముందు తన కులం చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు. కొంతమంది తమ కులం ఆఫీసులో తెలియకూడదనే ఏళ్ల తరబడి జాగ్రత్తపడతారు. వాళ్ల భయానికి కారణాలున్నాయి. అందుకే లెక్క చేతులెత్తి చెప్పించేది కాకూడదు. పేరు లేకుండా, ఇష్టమైతేనే నింపే కాగితమై ఉండాలి. బయటికి వచ్చేది మొత్తం అంకెలే కావాలి.

లెక్క ఒక్కటే అన్నీ చక్కదిద్దుతుందన్న భ్రమా అక్కర్లేదు. అమెరికాలో జాతి అల్లర్లపై విచారించిన కెర్నర్ కమిషన్ 1968లో పత్రికారంగాన్ని నల్లజాతివాళ్లను తీసుకోవడంలో దిగ్భ్రాంతి కలిగించేంత వెనకబడిందని తప్పుపట్టింది. పదేళ్లకు, 1978లో, అక్కడి సంపాదకుల సంఘం 2000 నాటికి జనాభాలో ఎంత శాతం మైనారిటీలుంటే న్యూస్‌రూముల్లో అంత శాతం ఉండాలని లక్ష్యం పెట్టుకుని ఏటా లెక్క తీసింది. 2000 రాకముందే లక్ష్యం అందదని తేలింది, గడువును 2025కు జరిపారు. 2018కల్లా సర్వేకు జవాబిచ్చిన సంస్థలు 17 శాతానికి పడిపోయాయి. మన ప్రాజెక్టుల గడువుల్లాగే అదీ నడిచింది. కానీ అక్కడ ఓడిపోయారని మనకు తెలిసింది కూడా ఆ లెక్క వల్లే. ఇక్కడ ఓడిపోయామో గెలిచామో చెప్పడానికి కాగితమే లేదు.

కాబట్టి ఈ వాదంలో తేలాల్సింది ఏ పదం మంచిదన్నది కాదు. అది గదిలో సరైన మనుషులుంటే దానంతట అదే తేలుతుంది. ముందు తేలాల్సింది గదిలో ఎవరున్నారన్నది. పాత్రికేయ సంఘాలు సభ్యత్వ పునరుద్ధరణ చేస్తూనే ఉంటాయి. ఆ ఫారంతో పాటు పేరు లేని ఒక కాగితం జతచేసి స్త్రీలెంతమంది, ఏ సామాజిక వర్గాలు, ఏ హోదా, జీతమా లైన్ అకౌంటా అని నాలుగు గడులు పెట్టడానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు, యాజమాన్యాల దయ అంతకన్నా అక్కర్లేదు. ప్రతి ఖాళీకీ బహిరంగ ప్రకటన ఇవ్వమని అడగడానికి, రాత్రి డ్యూటీకి వాహనం అడగడానికి ఇప్పుడున్న యూనియన్లే చాలు. ఊళ్లో ప్రతి శాఖనూ, ప్రతి యూనివర్సిటీనీ, ప్రతి ఆఫీసునూ రిజర్వేషన్ రోస్టర్ చూపించమని నిలదీసే వృత్తి మనది. ఆ హక్కు నిలబడాలంటే మన రోస్టర్ ముందు మనమే బయటపెట్టాలి.