వాడిన చిన్న ఎస్.యు.వి. కారు కొనుట

పశువుల సంతకు పోయిన రైతు ఎద్దుల జోడిని పైపైన చూచి ధర పలుకడు. నోరు తెరచి పండ్లు చూచును. నడిపించి కాళ్ల పట్టు చూచును. కాడి కట్టి దున్నించి చూచును. అమ్మువాడు ఏ యూరివాడో, ఎందులకు అమ్ముచున్నాడో విచారించును. ఇంత జాగరూకత గల రైతే ఐదారు లక్షల రూపాయలు పోసి వాడిన కారును కొనునపుడు రంగు మెరుగును, సీట్ల గుడ్డను చూచి, గంటలోపల బయానా ఇచ్చుచున్నాడు. మన సంఘ సభ్యులలో పలువురు ఇట్టి కార్లను కొనుటకు పూనుకొనుచున్నందున, కొనుటకు ముందు చూడవలసిన విషయములను క్రమముగా తెలుప దలచితిమి.

మొదటనే ఒకమాట చెప్పుచున్నాము. వాడిన కారు కొనుటలో రైతునకు కలుగు లాభమంతయు క్రొత్తదాని ధరకును దీని ధరకును గల భేదమే. పత్రములలో లోపమున్నను, ఇంజనులో దోషమున్నను ఆ భేదము ఒక్క యేడాదిలో హరించిపోవును. కావున ధర మాట చివరకు రావలెను. ముందు పత్రములు, పిదప ఇంజను, ఆ పిదప ధర.

1. ఈ కారు ఎందులకు పనికివచ్చును

చిన్న ఎస్.యు.వి. యనగా 4 మీటర్లకు లోబడిన పొడవు గలిగి, సామాన్యపు కార్లకంటె నేలనుండి కొంత ఎత్తున నుండు కారు. 4 మీటర్ల హద్దు పన్ను తగ్గింపు కొరకు ఏర్పడినది. మన దేశమున 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్, 2016లో మారుతి విటారా బ్రెజ్జా, 2017లో టాటా నెక్సాన్, 2019లో హ్యుందాయ్ వెన్యూయు మహీంద్రా ఎక్స్.యు.వి. 300యు విక్రయమునకు వచ్చినవి. ఇప్పుడు వాడిన కార్ల అంగళ్లలో విరివిగా కనబడునవి ఇవియే. వీనిలో ఫోర్డ్ కంపెనీ మన దేశమున కార్ల తయారీని విరమించుచున్నట్లు 2021లో ప్రకటించినది. కావున ఆ కారును కొనదలచినవారు, తమ పట్టణములో దానిని బాగుచేయు మేస్త్రి కలడా, విడిభాగములు దొరకునా యని ముందుగా విచారింపవలెను.

ఈ బండ్ల అడుగుభాగమునకును నేలకును నడుమ బ్రెజ్జాలో 198, ఎకోస్పోర్ట్‌లో 200, తొలి నెక్సాన్‌లో 209 మిల్లీమీటర్ల ఎడము కలదు. గతుకుల డొంకదారిలో ఇది మేలే. అయినను పైన చెప్పిన మూడును ముందుచక్రములతో మాత్రమే లాగు బండ్లు. వానకు తడిసిన నల్లరేగడిలో దిగినచో వీనిని ట్రాక్టరు వచ్చి లాగవలసినదే. ఎరువుల బస్తాలకు, మిర్చి టిక్కీలకు ఇవి తగవు. బరువు మోయించినచో వెనుక స్ప్రింగులు క్రుంగును. తెల్లని నంబరుపలక గల సొంతకారును కిరాయికి త్రిప్పుట చట్టవిరుద్ధము. కుటుంబము ఆసుపత్రికి, మార్కెట్టుకు, పిల్లల చదువుకు పోయివచ్చుటకు మాత్రమే ఇది సాధనమని ఎంచి కొనవలెను.

కుటుంబము ఎక్కు బండి కనుక రక్షణమునుగూర్చి కూడ చూడవలెను. గ్లోబల్ ఎన్.క్యాప్ వారి ఢీకొను పరీక్షలో నెక్సాన్ 2018లోను, ఎక్స్.యు.వి. 300 2020లోను ఐదు నక్షత్రములు పొందినవి. బ్రెజ్జా 2018లో నాలుగు పొందినది. మరియు 2019 ఏప్రిల్ నుండియే కార్లకు ఏ.బి.ఎస్. బ్రేకులును, ఆ సంవత్సరము జూలై నుండి డ్రైవరు ఎయిర్‌బ్యాగును తప్పనిసరి యైనవి. అంతకు పూర్వపు తక్కువ ధర రకములలో ఇవి లేకపోవచ్చును. అడిగి, చూచి తెలిసికొనవలెను.

2. డీజిలా, పెట్రోలా

2020 ఏప్రిల్ 1వ తేదీనుండి బి.ఎస్. 6 నిబంధన అమలులోనికి వచ్చినది. అది మొదలు డీజిలు కార్ల పొగగొట్టములో మసిని పట్టు వడపోత యొకటి అమర్చబడుచున్నది. దీనినే డి.పి.ఎఫ్. అందురు. బండి కొంతసేపు వడిగా, ఎడతెగక నడచినపుడు ఆ వేడికి మసి కాలిపోయి వడపోత శుభ్రపడును. ఊరినుండి మండల కేంద్రమునకు నాలుగైదు కిలోమీటర్లు పోయి వచ్చుటయే నిత్యకృత్యమైనచో మసి కాలక పేరుకొని, హెచ్చరిక దీపము వెలుగును. వడపోతను మార్చుట మిక్కిలి వ్యయముతో కూడిన పని. కావున దూరప్రయాణములు తరచుగా లేనివారికి బి.ఎస్. 6 డీజిలు కారు తగదు. బ్రెజ్జా 2016 మొదలు 2020 వరకు డీజిలుతో మాత్రమే వచ్చినది, అవి బి.ఎస్. 4 బండ్లు.

పెట్రోలు విషయమున తెలియవలసిన దొకటి కలదు. నేడు బంకులలో లభించు పెట్రోలులో నూటికి 20 పాళ్లవరకు ఇథనాలు కలియుచున్నది. మన పొలములలో పండు మొక్కజొన్న, చెరకు, నూకలే దానికి ముడిసరకు. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లు సామాన్యముగా ఈ పాలునకు రూపొందింపబడినవి కావు. వానిలో మైలేజి కొంత తగ్గును. రబ్బరు గొట్టములు పగిలినవేమో చూపించుకొనవలెను.

ఢిల్లీ పరిసరములలో పదేండ్లు దాటిన డీజిలు కార్లు నడువరాదని 2018లో సర్వోన్నత న్యాయస్థానము ఉత్తర్వు చేసినది. దాని విషయమై 2025లో మార్పులు జరిగినవి. ఇట్టి బండ్లను చవకగా అచ్చట కొని దక్షిణమునకు తెచ్చి అమ్ముట కలదు. చవక యని తొందరపడక, ఇచ్చట మరల చెల్లింపవలసిన జీవితకాలపు పన్నును కూడ ధరలో కలిపి లెక్కింపవలెను.

3. పత్రముల పరిశీలన

కారు మీ వాకిట నిలిచినంత మాత్రమున మీది కాదు; రిజిస్ట్రేషన్ పత్రములో మీ పేరు ఎక్కిననాడే మీది. అమ్మువాని ఆర్.సి.లోని ఛాసిస్ నంబరును, ఇంజను నంబరును బండిపై చెక్కిన అంకెలతో స్వయముగా సరిపోల్చవలెను. ఒక్క అంకె భేదించినను బేరము విడువవలెను.

పిదప ఆర్.సి.లో ఫైనాన్సు పద్దు ఉన్నదేమో చూడవలెను. బ్యాంకు అప్పుతో కొన్న కారుపై బ్యాంకు పేరు నమోదై యుండును. “అప్పు తీరిపోయినది” అను నోటిమాట చాలదు. బ్యాంకువారి నిరభ్యంతర పత్రమును, 35వ నమూనాయును రవాణాశాఖకు సమర్పించి ఆ పద్దును కొట్టివేయించిన పిదపనే పూర్తి సొమ్ము ఇయ్యవలెను. ఈ పద్దును, భీమా గడువును కేంద్రప్రభుత్వపు ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఎవరైనను చూచుకొనవచ్చును. చెల్లింపని చలానులను కూడ ఆన్‌లైనులోనే చూచి, అమ్మువానిచేత కట్టించవలెను.

పేరు మార్పునకు 29, 30 నమూనాలు కావలెను. 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 50వ సెక్షను ననుసరించి, అదే రాష్ట్రములోనైనచో అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణాశాఖకు తెలుపవలెను. దళారీలు కొందరు అమ్మువానిచేత ఖాళీ నమూనాలపై సంతకము చేయించి, పేరు మార్పింపకయే బండిని చేతులు మార్చుచుందురు. అట్టి బండికి ఆర్.సి.లోని యజమాని ఎవరో కొన్నవానికి తెలియదు; ఆ యజమాని పిదప సంతకము నిరాకరించినచో చేయునది లేదు. ఆర్.సి. యజమానిని కలిసికొననిదే సొమ్ము ఇయ్యరాదు.

2014 జూన్ 2వ తేదీనుండి హైదరాబాదు మనకు పొరుగు రాష్ట్రపు పట్టణము. గుంటూరు, కృష్ణా జిల్లాల రైతు అచ్చట కారు కొన్నచో 28వ నమూనాలో అచ్చటి రవాణాశాఖ ఇచ్చు నిరభ్యంతర పత్రమును తెచ్చుకొని, ఇచ్చట మరల రిజిస్టరు చేయించుకొనవలెను.

భీమా విషయము. ఇతరులకు కలుగు నష్టమునకు సంబంధించిన భీమా కారుతోపాటు కొన్నవానికి సంక్రమించును. మీ కారునకే కలుగు నష్టమునకు భీమా దక్కవలెనన్న, 14 దినములలోపల కంపెనీకి దరఖాస్తు చేసి పాలసీని మీ పేరునకు మార్పించుకొనవలెను. క్లెయిము చేయని సంవత్సరములకు లభించు తగ్గింపు అమ్మినవానిదే. అది కారుతో రాదు.

మీ పాత కారును అమ్మునపుడు కూడ ఈ జాగ్రత్తయే వహింపవలెను. కారు చేతులు మారినను పేరు మారనిచో, ప్రమాదము జరిగినపుడు రిజిస్ట్రేషన్‌లోని యజమానియే నష్టపరిహారమునకు బాధ్యుడని 2018లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పియున్నది. బండి నమ్మి ఇచ్చివేసినవాడు, ఎన్నడో ఎవడో చేసిన ప్రమాదమునకు పొలము అమ్ముకొను స్థితి రాగూడదు. తేదీయు, గంటయు వ్రాసి ఇరువురును సంతకము చేసిన అప్పగింత పత్రమును తప్పక ఉంచుకొనవలెను.

4. బండి పరిశీలన

పరీక్ష ఉదయమున, ఇంజను చల్లగా నున్నపుడు జరుగవలెను. వచ్చుచున్నట్లు అమ్మువానికి తెలిపి, బండిని ముందుగా నడుపవద్దని చెప్పవలెను. పోయినతోడనే బానెట్టుపై చేయి వేసి చూడుడు. వెచ్చగా నున్నచో మరియొక దినము రండు. వేడి ఇంజను తన దోషములను దాచును.

ఇంజనాయిలు మూత విప్పి చూడవలెను. లోపలివైపు మజ్జిగనురుగువంటి తెల్లని జిడ్డున్నచో చల్లబరచు నీరు ఆయిలులో కలియుచున్నదని శంకింపవలెను. ఇంజను నడిపించినపుడు నీలిపొగ వచ్చిన ఆయిలు కాలుచున్నదని గుర్తు. తెల్లని దట్టపు పొగ ఆగక వచ్చిన నీరు లోనికి పోవుచున్నదని గుర్తు. డీజిలు బండిలో నల్లనిపొగ అధికమైన ఇంధనము సరిగా కాలుటలేదని గుర్తు.

కిలోమీటర్ల మీటరును వెనుకకు త్రిప్పుట కలదు గనుక ఆ అంకెను నమ్మరాదు. 40 వేలు తిరిగిన బండికి పెడళ్ల రబ్బరు అరిగి నున్నబడియుండదు. స్టీరింగు చక్రము మెరుగెక్కదు. సర్వీసు రసీదులలోని అంకెలు సంవత్సరమునకు సంవత్సరము పెరుగుచు వచ్చినవా యని చూడుడు. టైరు ప్రక్కన నాలుగంకెల గుర్తొకటి యుండును: 2319 అనగా 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని భావము. నాలుగును మార్చవలసియున్నచో ఆ వ్యయమును ధరలో తగ్గింపవలెను.

తలుపులకును బాడీకిని నడుమ సందులు రెండు వైపుల సమముగా నున్నవా, బానెట్టు బోల్టులపై రంగు చెదరినదా, వెల్డింగు మచ్చలున్నవా యని చూచినచో పూర్వపు ప్రమాదము బయటపడును. పొలముల దగ్గర నిలిపిన బండ్లలో ఎలుకలు వైర్లను కొరుకుట సామాన్యము. దీపములు, అద్దములు, ఏసీ అన్నియు పనిచేయించి చూడవలెను.

తుదకు పదిహేను కిలోమీటర్లయినను నడిపి చూడవలెను. చేయి వదలినపుడు బండి ఒక ప్రక్కకు లాగరాదు. బ్రేకు వేసినపుడు స్టీరింగు వణకరాదు. ఎత్తుపై ఇంజను రొద పెరుగుచు వేగము పెరుగనిచో క్లచ్చి అరిగినది. గతుకులలో టకటక శబ్దము క్రింది బుష్షులకు మరమ్మతు కావలెనని చెప్పును.

5. వరదలో మునిగిన బండ్లు

2015 డిసెంబరులో చెన్నపట్టణమును, 2020 అక్టోబరులో హైదరాబాదును, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను వరదలు ముంచినవి. అట్లు మునిగిన కార్లను కడిగి, మెరుగుపెట్టి అమ్ముట కలదు. వీని వైర్ల కీళ్లలోను, కంప్యూటరు పెట్టెలలోను తుప్పు మెల్లగా ప్రాకి, ఆరునెలలకో యేడాదికో బండి దారిలో నిలిచిపోవును. ఎయిర్‌బ్యాగు పనిచేయునను నమ్మకము కూడ లేదు.

దీనిని కనుగొనుట కష్టము కాదు. సీటుబెల్టును కడవరకు లాగి చూచిన, చివరి భాగమున బురదచార కనబడును. సీటు క్రింది పట్టాలపై తుప్పు, తివాచీ క్రింద సన్నని ఒండ్రు, స్పేరుచక్రపు గుంటలో ఇసుక, మూసియుంచిన బండిలో ముక్కవాసన — వీనిలో రెండు కనబడినను ఎంత చవకయైనను విడిచిపెట్టుడు. పొలములో ఒండ్రు బలము. కారులో అది చేటు.

6. ధర, అప్పు

2025 సెప్టెంబరు 22వ తేదీనుండి 4 మీటర్లలోపు పొడవును, 1200 సీసీ లోపు పెట్రోలు లేక 1500 సీసీ లోపు డీజిలు ఇంజనును గల క్రొత్త కార్లపై జి.ఎస్.టి. నూటికి 18కి తగ్గినది. అంతకుముందు నూటికి 28తోపాటు సెస్సు కూడ ఉండెడిది. కావున అమ్మువాడు తాను పూర్వము కొన్న ధరను చూపి బేరమాడినచో ఒప్పుకొనరాదు. నేడు క్రొత్తదాని ధర యెంతో విచారించి, దానినుండి తగ్గించుచు రావలెను.

వాడిన కార్లకు వడ్డీ క్రొత్త కార్లకంటె హెచ్చుగా నుండును. ఐదు లక్షల రూపాయలు నూటికి 14 వంతున ఐదేండ్లకు అప్పు తెచ్చినచో నెలకు సుమారు 11,634 రూపాయలు కట్టవలెను. మొత్తము సుమారు 6,98,000 అగును. వడ్డీయే దాదాపు రెండు లక్షలు. రైతునకు రాబడి పంటకు పంటకు వచ్చును. వాయిదా నెలనెలకు వచ్చును. పాడివలన గాని, జీతమువలన గాని నెలసరి రాబడి లేనివారు ఇట్టి అప్పు చేయరాదని మా అభిప్రాయము.

పంటఋణపు సొమ్మును మాత్రము దీనికి ముట్టరాదు. గడువులో చెల్లించిన రైతునకు కేంద్రప్రభుత్వపు రాయితీలతో ఆ ఋణము నూటికి 4 వంతునే పడుచున్నది. ఆ సొమ్ము కారులో చిక్కుకొని గడువు తప్పినచో రాయితీ పోవును. మరుసటి పంటకు పెట్టుబడి కూడ కరవగును.

ధరలో పదింట నొకవంతును ప్రత్యేకముగా నిలువచేసికొని కొనుట మంచిది. కొన్న నెలలోనే ఇంజనాయిలు, వడపోతలు, బ్రేకులు, బ్యాటరీ మొదలగువానికి ఆ సొమ్ము కావలసివచ్చును.

కారు చూడబోవునపుడు ఒంటరిగా పోక, అనుభవము గల సభ్యు నొకనిని, అమ్మువానికి సంబంధము లేని మేస్త్రి నొకనిని వెంటబెట్టుకొని పోవుడు. మేస్త్రికి ఇచ్చు కూలి వృథా కాదు. ఇద్దరు ముగ్గురు సభ్యులు కొనదలచినచో ఒకే దినమున పోయి ఆ వ్యయమును పంచుకొనవచ్చును. చూచిన దినముననే బయానా ఇయ్యక, ఒక రాత్రి గడువనిచ్చి, పత్రముల నకళ్లను మరల ఇంటిలో చదువుకొని, అప్పుడు నిశ్చయింపవలెను.