టోపీ గుమ్మడికాయంత అయింది!

మనవరాలి బారసాలకని పుస్తకం చూసి క్రోషే టోపీ మొదలుపెట్టాను. మూడుసార్లు విప్పి అల్లినా పసిపిల్ల తలకి కాదు, గుమ్మడికాయకి సరిపోయేలా వస్తోంది! బారసాల చూస్తే నాలుగు రోజుల్లో ఉంది. ఏడుపొక్కటే తక్కువ.

చివరికి నరసాపురంలో లేసు అల్లే మా పిన్నికి చూపించాను. "నీ చేతిలో తప్పు లేదే. ఇది ఏ దేశం పుస్తకం?" అంది. అదీ సంగతి! బ్రిటిష్ పుస్తకాల్లో డబుల్ క్రోషే అంటే అమెరికా వాళ్ళ సింగిల్ క్రోషే, అంటే పొట్టి కుట్టు. నేను నేర్చుకున్నది అమెరికా పద్ధతి. అందుకే పొడవు కుట్టు వేశాను. మరి టోపీ పెరగదూ?

మీరు అల్లే ముందు పుస్తకంలో కుట్ల వివరణ చూసుకోండి. ఇప్పటి పుస్తకాల్లో సింగిల్ క్రోషే అని ఉంటే అది సాధారణంగా అమెరికా పద్ధతే. అప్పటికీ అర్థం కాకపోతే అల్లిన ముక్క, పుస్తకం రెండూ పట్టుకెళ్ళి తెలిసినవాళ్ళని అడగండి. నామోషీ ఎందుకు? మా బుజ్జిదాని టోపీ బారసాలకి అందింది మరి!