ప్రమేయములతో కదలు బొమ్మలు

చలనచిత్రమున బొమ్మలు నిజముగా కదలవు. సెకండునకు 24 నిశ్చల చిత్రములు తెర మీద వరుసగా పడుచుండగా, చూచువారి కన్ను వానిని విడివిడిగా గుర్తింపజాలక ఒకే చలనముగా గ్రహించును. పాఠశాలలో కంప్యూటరు సహాయముతో ప్రొజెక్టరు ద్వారా చూపు స్లయిడ్లలో బొమ్మలు కదలుటకును ఇదియే కారణము. అయితే సినిమా చిత్రములను కెమేరా తీయును. కార్టూను చిత్రములను చిత్రకారుడు గీయును. స్లయిడులోని కదలు బొమ్మ ఏ క్షణమున ఎచ్చట నుండవలెనో ఎవరు నిర్ణయింపవలెను?

ఈ ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని సైన్సు పాఠమున ఇది చాల ముఖ్యమైనది. మేడ మీదినుండి జారవిడిచిన బంతిని చూపు ఒక స్లయిడును ఊహింపుడు. స్లయిడ్లు తయారుచేయు సాధారణ సాధనములలో బంతి బయలుదేరు చోటు, చేరు చోటు చెప్పి, సిద్ధముగా నున్న చలనములలో నొకదానిని ఎన్నుకొన్న చాలును. ఆ చలనము సమవేగము గలదైనచో బంతి పైనుండి క్రిందివరకు ఒకే వేగముతో దిగివచ్చును. బొమ్మ అందముగనే యుండును. కాని అది అసత్యము. పడుచున్న వస్తువు వేగము క్షణక్షణమునకు పెరుగునని పాఠ్యపుస్తకము చెప్పుచుండగా, పెరుగదని తెర చూపుచుండును. విద్యార్థి దేనిని నమ్మవలెను?

ఈ చిక్కు తీర్చుటకు ఒక మార్గము కలదు. బొమ్మను చేతితో కదల్చుటకు మారుగా, దాని చలనమును శాసించు నియమమునే కంప్యూటరునకు వ్రాసి యిచ్చుట. ఇందుకు ప్రమేయాత్మక ప్రోగ్రామింగు భాషలు మిక్కిలి అనుకూలములు.

ప్రమేయ మనగా నేమి?

ఒక సంఖ్య నిచ్చినచో దానికి సరిపడు ఒకే ఒక ఫలితము నిచ్చు నియమమునకు గణితములో ప్రమేయమని పేరు. ఒక సంఖ్యను దానిచేతనే హెచ్చవేయుట ఇట్టి నియమము. దీనికి 3 నిచ్చిన 9 వచ్చును. ఉదయ మిచ్చినను, సాయంకాల మిచ్చినను 9యే వచ్చును. అంతకుముందు ఏ సంఖ్య నిచ్చితిమను దానితో దీనికి పనిలేదు. గతమును జ్ఞాపక ముంచుకొనకపోవుటయే ప్రమేయమునకు గల గొప్ప గుణము.

ప్రమేయ మిచ్చు ఫలితము సంఖ్యయే కానక్కరలేదు. ఒక బొమ్మ కూడ కావచ్చును. 0 మొదలు 1 వరకు గల ఏ సంఖ్య నిచ్చినను ఒక బొమ్మను గీసి యిచ్చు ప్రమేయ మున్నదనుకొందము. 0 అనగా చలనారంభము. 1 అనగా దాని ముగింపు. ½ అనగా సరిగా నడిమి క్షణము. ఆ ప్రమేయమునకు 0, 0.1, 0.2, 0.3 అనుచు వరుసగా సంఖ్యల నిచ్చి, వచ్చిన బొమ్మలను త్వరత్వరగా తెర మీద చూపినచో చలన మేర్పడును. ప్రమేయముయొక్క ప్రదేశము కాలము. వ్యాప్తి బొమ్మల సమితి. కదలు బొమ్మ యనగా కాలమునుండి బొమ్మలకు గల ప్రమేయమే. విషయ మంతయు ఈ ఒక్క వాక్యములోనే యిమిడి యున్నది.

ఈ భావము పుట్టిన విధము

ప్రమేయములనే మూలముగా గొని గణనము నంతను నిర్వచింపవచ్చునని అమెరికా దేశపు తర్కశాస్త్రజ్ఞుడు అలోంజో చర్చ్ 1930 దశకములో చూపెను. ఆయన నిర్మించిన పద్ధతికి లాంబ్డా కలన మని పేరు. జాన్ మెకార్థీ 1958లో ప్రారంభించిన లిస్ప్ భాష దీనినుండి కొన్ని భావములను గ్రహించెను. లిస్ప్ వంశములోనిదైన స్కీమ్ భాష 1975లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రూపొందెను. స్కీమ్ నుండి పెరిగిన ఒక శాఖకు 2010లో ర్యాకెట్ అను పేరు పెట్టబడినది.

బొమ్మల విషయములో మొదటి ముఖ్యమైన అడుగు పీటర్ హెండర్సన్ 1982లో వేసెను. డచ్చి చిత్రకారుడు ఎషర్ 1964లో చెక్కిన చేపల చిత్ర మొకటి కలదు. అందు మధ్యనుండి అంచులకు పోయినకొలది చేపలు చిన్నవగుచుండును. ఇంతటి క్లిష్టమైన చిత్రమును కొన్ని మూల చిత్రములతోను, త్రిప్పుట, ప్రక్కన ఉంచుట, పైన ఉంచుట వంటి కొద్ది ప్రమేయములతోను వర్ణింపవచ్చునని హెండర్సన్ నిరూపించెను. 1997లో కోనల్ ఎలియట్, పాల్ హుడాక్ అను శాస్త్రజ్ఞులు హాస్కెల్ అను ప్రమేయాత్మక భాషలో, కాలముతో మారు బొమ్మలను ప్రమేయములుగా వ్రాయు పద్ధతిని ప్రకటించిరి. స్లయిడ్ల కొరకే ప్రత్యేకించిన స్లయిడ్‌షో అను సాధనమును రాబర్ట్ బ్రూస్ ఫిండ్లర్, మాథ్యూ ఫ్లాట్ 2004లో ఒక అంతర్జాతీయ సదస్సున వివరించిరి. అది నేడు ర్యాకెట్ భాషలో లభించుచున్నది.

బొమ్మలను పేర్చుట

స్లయిడ్‌షోలో ప్రతి బొమ్మయు ఒక కనబడని పెట్టెలో నున్నట్లు భావింపబడును. ఆ పెట్టెకు వెడల్పు, ఎత్తు కలవు. ఒక అక్షరమాల యైనను, ఒక వృత్తమైనను, పెద్ద యంత్రముయొక్క పట మైనను ఇంతే. రెండు పెట్టెలను ప్రక్కప్రక్కన పేర్చు ప్రమేయ మొకటి. ఒకదానిక్రింద నొకటి పేర్చునది మరియొకటి. ఒకదాని మీద నొకటి పరచునది ఇంకొకటి. ఇట్లు పేర్చగా వచ్చిన ఫలితము కూడ ఒక పెట్టెయే. కావున దానిని మరల ఇంకొకదానితో పేర్చవచ్చును. ఇటుకలతో గోడ, గోడలతో గది, గదులతో ఇల్లు కట్టినట్లు, చిన్న బొమ్మలతో స్లయిడు నంతను కట్టవచ్చును. ఒక బొమ్మ వెడల్పు మారినచో ప్రక్కనున్నవి తమంతట తామే సర్దుకొనును.

ఇచ్చట ఒక చక్కని ఉపాయము కలదు. 9 + 16 = 25 అను సమీకరణమును ముక్కలు ముక్కలుగా చూపవలె ననుకొందము. మొదట 9 మాత్రమే తెర నడుమ ఉంచి, తరువాత 16ను చేర్చినచో, వరుస అంతయు మరల నడుమకు రావలసి యుండుటచే 9 ఎడమకు జరుగును. చూచువారి దృష్టి చెదరును. దీనికి పరిష్కారముగా, బొమ్మను కనబడకుండ జేసి, దాని చోటును మాత్రము నిలిపియుంచు ప్రమేయ మొకటి స్లయిడ్‌షోలో కలదు. సమీకరణమును పూర్తిగా పేర్చి, ఇంకను చూపగూడని ముక్కలకు ఈ ప్రమేయమును ప్రయోగించిన చాలును. ఖాళీ పీటలు ముందే వేసియుంచిన పంక్తిలో ఎవరు ఆలస్యముగా వచ్చినను ఇతరులు జరుగ నక్కరలేనట్లు, ముక్కలు తమ తమ స్థానములలోనే ప్రత్యక్ష మగును.

బంతి సత్యముగా పడుట

ఇక పడుచున్న బంతికి వత్తము. తెర మీద బంతి మొత్తము 400 ప్రమాణముల దూరము పడవలెననుకొందము. కాలమును క అందము. బంతి పడిన దూరము 400 × క అని వ్రాసినచో సమవేగ మగును. 400 × క × క అని వ్రాసినచో ఏమగునో చూడుడు. క విలువ 0, ¼, ½, ¾, 1 అయినపుడు దూరములు వరుసగా 0, 25, 100, 225, 400 ప్రమాణము లగును. ఒక్కొక్క అంచెలో పడిన దూరములు 25, 75, 125, 175. వీని నిష్పత్తి 1 : 3 : 5 : 7. సమాన కాలములలో పడు వస్తువు దాటు దూరములు బేసి సంఖ్యల నిష్పత్తిలో నుండునని గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథమున చెప్పిన నియమ మిదియే. గాలి నిరోధమును లెక్కింపనిచో, ప్రకృతిలో బంతి పడు విధమును ఇదియే.

ఇచ్చట బంతిని బొమ్మగా గీచినది చిత్రకారుడు కాడు, చలన నియమమే. ప్రతి చిత్రమును ఆ నియమమునుండి పుట్టినదే గనుక ఏ క్షణమున ఆపి కొలిచినను లెక్క సరిపోవును. భూమి మీద అర సెకండులో వస్తువు సుమారు 1.2 మీటరు పడును. ఆ 400 ప్రమాణములు 1.2 మీటరునకు గుర్తని చెప్పి, చలనమును అర సెకండులో ముగియునట్లు చేసినచో తెర మీది కాలము కూడ సత్యమే యగును.

రెండు పద్ధతులకు గల భేదము

ఇతర భాషలలో ఈ పనిని చేయుటకు వాడుకలో నున్న పద్ధతి వేరు. బంతి స్థానమును ఒక గడిలో వ్రాసియుంచి, గడియారము కొట్టినపు డెల్ల దానికి కొంత కలుపుచు పోవుదురు. కంప్యూటరు ఒక అంచెను తప్పించినచో బంతి వెనుకబడును. ఆపై చిత్రము లన్నియు తప్పును. వెనుకకు చూపవలెనన్న కలిపినదానిని మరల తీసివేయవలెను. అదియునుగాక కంప్యూటరు ద్విసంఖ్యామానములో లెక్కించును గనుక 0.1ని పది పర్యాయములు కూడినను సరిగా 1 రాదు. కొంచెము తక్కువ వచ్చును.

ప్రమేయ పద్ధతిలో ప్రతి చిత్రమును కాలమునుండి నేరుగా లెక్కింపబడును. ఒక చిత్రము జారిపోయినను దాని తరువాతిది చెడదు. వెనుకకు నడపుటకు క స్థానమున 1 − క వ్రాసిన చాలును. బంతి నేలనుండి మేడ మీదికి ఎగురును. ఇతర భాషలలో ఇట్లు వ్రాయరాదని కాదు. ప్రమేయాత్మక భాషలో ఇది సహజ మార్గము. తప్పు మార్గము పట్టుటకే శ్రమపడవలెను.

ప్రమేయములను కలుపుట

సంయుక్త ప్రమేయమును ఉన్నత పాఠశాల దాటిన విద్యార్థులు తరగతిలో నేర్తురు. దాని ఉపయోగ మిచ్చట కన్నులయెదుట కనబడును. బంతి నడచు దారిని తెలుపు ప్రమేయ మొకటి. నడకను తెలుపు ప్రమేయ మింకొకటి. నడక ఫలితమును దారికి అందించినచో చలనము సిద్ధమగును. దారిని మార్చక నడకను మాత్రము మార్చవచ్చును. నడకగా క × క వ్రాసినచో వస్తువు మెల్లగా బయలుదేరి వేగముగా చేరును. 1 − కాస్ (180° × క) అను దానిలో సగమును వ్రాసినచో మెల్లగా బయలుదేరి, నడుమ వేగము పొంది, మరల మెల్లగా ఆగును. గడియారపు లోలకము చిన్న ఊపులో ఒక కొననుండి మరియొక కొనకు పోవు విధము దాదాపు ఇట్టిదే. త్రికోణమితి ఎందులకని అడుగు విద్యార్థికి ఈ ఊయల ఒక సమాధానము.

ఒక చలనము ముగిసినపిదప మరియొకటి ప్రారంభము కావలెనన్న, 0 నుండి 1 వరకు గల కాలమును రెండు సగములుగా విభజింపవచ్చును. మొదటి సగములో 2 × క మొదటి చలనమునకును, రెండవ సగములో 2 × క − 1 రెండవ చలనమునకును అందును.

తెలుగు అక్షరముల విషయము

ర్యాకెట్ భాషలోని మూల పదములు ఆంగ్లములైనను, ప్రోగ్రాము వ్రాయువారు తాము పెట్టు పేర్లను తెలుగు లిపిలో వ్రాసికొనవచ్చును. బంతిని బంతి యనియే పిలువవచ్చును. కాని తెలుగు వాక్యమును ఒక్కొక్క అక్షరముగా తెర మీద చూపదలచినపుడు జాగ్రత్త అవసరము. యూనికోడు విధానమున స్త్రీ అను ఒక్క అక్షరము ఆరు సంకేతములతో ఏర్పడుచున్నది: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారపు గుడి. ప్రోగ్రాము సంకేతములను లెక్కించి ముక్కలు చేసినచో, నడుమ స్, స్త్ వంటి రూపములు తెర మీద మెరసి మాయమగును. కావున విభజింపవలసినది సంకేతముల వద్ద కాదు, అక్షరముల వద్ద. పదముల వారీగా చూపుట అన్నిటికంటె సులభము.

లాభము, పరిమితి

ఈ పద్ధతి అన్ని స్లయిడ్లకును తగినది కాదు. నాలుగు వాక్యములు, ఒక ఛాయాచిత్రము చూపుటకు సాధారణ సాధనములే చాలును. భాష నేర్చుటకు కొంత కాలము పట్టును. ఫలితమును వెంటనే కంటితో చూచి చేతితో జరుపుట ఇందు కుదరదు. కాని పటములో ఒక నియమ మున్నపుడు, అది గ్రహముల కక్ష్య యైనను, తరంగ మైనను, త్రిభుజముల సర్వసమానత యైనను, నియమమును వ్రాయుటయే తగిన పని. ర్యాకెట్ భాష ఉచితముగా లభించును.

కంప్యూటరు లేని తరగతిలో కూడ దీనిని పరీక్షింపవచ్చును. ఒకే కొలత గల 11 కాగితపు ముక్కలను తీసికొని, ఒక్కొక్కదాని మీద పై గుర్తునుండి క్రిందికి 0, 0.1, 0.4, 0.9, 1.6, 2.5, 3.6, 4.9, 6.4, 8.1, 10 సెంటీమీటర్ల దూరమున వరుసగా ఒక్కొక్క చుక్క పెట్టవలెను. మరి 11 ముక్కల మీద 0, 1, 2, 3 అనుచు 10 వరకు సమాన దూరములలో పెట్టవలెను. రెండు కట్టలను విడివిడిగా కుట్టి బొటనవ్రేలితో త్వరగా విప్పి చూచినచో, ఒక దానిలో చుక్క జరుగును. మరియొక దానిలో చుక్క పడును. జరుగుటకును, పడుటకును గల భేదము కేవలము ఒక హెచ్చవేత మాత్రమే.