చేపల కన్న ముందు నీరు మాగాలి

టాటానగర్ రైల్వే స్టేషనుకు చేరువలో, వ్యవసాయ మార్కెట్ యార్డుతో సందడిగా ఉండే ప్రాంతం పర్సుడీహ్. ఉక్కు కర్మాగారపు ఉద్యోగాల నిమిత్తం తరతరాల క్రితం జంషెడ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాలకు ఈ పట్టణమే నేడు సొంత ఊరు. ఇటువంటి చోట పెరటి షెడ్డులో గాని, వీధి వైపు గదిలో గాని కొద్దిపాటి పెట్టుబడితో చేపట్టదగిన ఉపాధులలో అలంకరణ చేపల పెంపకం, విక్రయం ఒకటి. రైలు మార్గాన కోల్‌కతా సుమారు 250 కిలోమీటర్ల దూరం. అక్కడి గాలిఫ్ వీధిలో ఆదివారం జరిగే సంత రంగు చేపలకు పేరుపొందినది. ఏంజెల్, ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, ఆఫ్రికా సరస్సుల రంగుల చేపలు మొదలైనవన్నీ సిక్లిడ్ కుటుంబానికి చెందినవే. వీటికి మంచి గిరాకీ ఉన్నది.

అయితే ఈ వృత్తిలో నష్టం సాధారణంగా మొదటి మాసంలోనే ఎదురవుతుంది. తొట్టె కొత్తది, నీరు తేటగా ఉన్నది, తెచ్చిన చేపలు ఆరోగ్యంగా ఉన్నవి. అయినను వారం పది రోజులలో అవి నీటి పైభాగానికి చేరి రొప్పుతూ ఒక్కొక్కటిగా మరణిస్తాయి. చేపలు పోయినా బ్యాంకు వాయిదా నిలిచే ఉంటుంది. ఇందుకు కారణం చాలా సందర్భాలలో రోగం కాదు, నీరు మాగకపోవుటయే.

తేట నీటిలో విషం

తెల్లనివన్నీ పాలు కానట్లే తేటనివన్నీ మంచి నీళ్ళు కావు. చేప తిన్న మేతలోని మాంసకృత్తుల నుండి వెలువడే నత్రజనిలో అధిక భాగం మొప్పల ద్వారా అమోనియాగా నీటిలో చేరుతుంది. ఉదాహరణకు 200 లీటర్ల నీరు గల తొట్టెలో రోజుకు 2 గ్రాముల మేత వేశామనుకుందాం. అందులో మాంసకృత్తులు 40 శాతమైతే, లీటరుకు దాదాపు అర మిల్లీగ్రాము అమోనియా ప్రతిదినం చేరుతుంది. వారం తిరిగేసరికి అది మూడున్నర మిల్లీగ్రాములకు చేరుకుంటుంది. కంటికి కనబడదు గాని, చేపల మొప్పలను దహిస్తుంది.

పచ్చి పేడను నేరుగా పైరుకు వేస్తే మొక్క మాడిపోతుందని, మాగిన ఎరువే బలమని రైతు సోదరులకు తెలిసినదే. తొట్టె విషయంలోను ఇదే సూత్రం. నైట్రోసోమోనాస్ వంటి సూక్ష్మజీవులు అమోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడ విషమే. అది రక్తాన్ని గోధుమరంగుకు మార్చి, ప్రాణవాయువును మోసే శక్తిని హరిస్తుంది. వేరొక జాతి సూక్ష్మజీవులు దానిని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండవ పని నైట్రోబాక్టర్ చేస్తుందని పాత పుస్తకాలలో ఉండేది. మంచినీటి అక్వేరియంలలో నైట్రోస్పైరా జాతులే దీనిని నిర్వహిస్తున్నట్లు 1998లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది. ఈ జీవులు నీటిలో కన్న ఫిల్టరు స్పాంజిలోను, గులకరాళ్ళపైన ఎక్కువగా నివసిస్తాయి. కొత్త తొట్టెలో అవి తగినంతగా వృద్ధి చెందుటకు నాలుగు నుండి ఆరు వారాలు పట్టవచ్చు.

తొట్టె ఏర్పాటు

నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టె నిండుగా 255 లీటర్లు పడుతుంది. గులకరాళ్ళకు, పైన వదిలే ఖాళీకి మినహాయిస్తే సుమారు 200 లీటర్ల నీరు ఉంటుంది. అద్దం, రాళ్ళతో కలిపి బరువు 250 కిలోలకు మించుతుంది కనుక ఇనుప స్టాండు గట్టిగా, సమతలంగా ఉండాలి. సిక్లిడ్లు అడుగును తవ్వే స్వభావం కలవి. పెద్ద రాళ్ళను గులకల మీద కాక, తొట్టె అడుగున పరచిన ధర్మోకోల్ పలకపైన నిలుపుట క్షేమం.

కుళాయి నీటిలోని క్లోరిన్ సూక్ష్మజీవులను, చేపలను రెండింటినీ చంపుతుంది. నీటిని ఒక రోజు గాలి పంపుతో కలియబెట్టాలి లేదా హైపో ద్రావణం వాడాలి. బావి, బోరు నీటిలో క్లోరిన్ లేకున్నను, ఉదజని సూచికను, కఠినత్వాన్ని ఒకసారి పరీక్షించుకొనుట మంచిది.

ఆరు వారాల పని

మొదటి రోజునే ఫిల్టరు, గాలి పంపు ఆపకుండా నడపాలి. ఉష్ణోగ్రతను 26 నుండి 28 డిగ్రీల వద్ద ఉంచాలి. ఇక్కడి చలికాలంలో హీటరు లేనిచో ఈ ప్రక్రియ మందగిస్తుంది. చేపలు లేకుండానే సూక్ష్మజీవులకు ఆహారంగా శుద్ధమైన నవాసాగరం, అనగా అమోనియం క్లోరైడ్, 200 లీటర్లకు సుమారు ఒకటింబావు గ్రాము వేస్తే లీటరుకు 2 మిల్లీగ్రాముల అమోనియా ఏర్పడుతుంది. మందుల కల్తీ లేని రసాయనాల దుకాణపు సరుకే వాడాలి.

పాలకు తోడు వేసినట్లు, ఇదివరకే నడుస్తున్న ఆరోగ్యవంతమైన తొట్టె నుండి ఒక స్పాంజి ముక్కను తెచ్చి ఫిల్టరులో ఉంచితే కాలవ్యవధి బాగా తగ్గుతుంది. రెండు మూడు రోజులకొకసారి పరీక్షా ద్రావణాలతో కొలిచి పుస్తకంలో వ్రాయాలి. ముందు అమోనియా తగ్గుతుంది, తరువాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది, చివరకు నైట్రేట్ కనబడుతుంది. అమోనియా సున్నాకు చేరినప్పుడల్లా అదే మోతాదు మరల వేయాలి. వేసిన 24 గంటలలో అమోనియా, నైట్రైట్ రెండును సున్నాకు వచ్చిన నాడు నీరు మాగినట్లు. అప్పుడు సగానికి పైగా నీటిని మార్చి, వెంటనే చేపలను వదలవచ్చు. జాప్యం జరిగితే సూక్ష్మజీవులు ఆకలికి క్షీణిస్తాయి.

సిక్లిడ్ల విషయంలో మరింత జాగ్రత్త

ఆఫ్రికాలోని మలావి సరస్సు చేపలకు ఉదజని సూచిక 8 దాటిన క్షారజలం అనుకూలం. అయితే ఇదే సూచిక అమోనియా విషతీవ్రతను పెంచుతుంది. 25 డిగ్రీల వద్ద సూచిక 7 ఉన్న నీటిలో మొత్తం అమోనియాలో విషరూపం అర శాతం మాత్రమే. సూచిక 8 అయితే అది 5 శాతం దాటుతుంది. కనుక ఏంజెల్ ఓర్చుకొనగల కొలత మలావి చేపకు ప్రాణాంతకం కావచ్చును. కొత్తవారు ముందుగా ఏంజెల్‌తో ఆరంభించుట శ్రేయస్కరం.

ఫిల్టరు స్పాంజిని కుళాయి క్రింద కడగరాదు. తొట్టె నుండి తీసిన నీటిలోనే పిండాలి. ఆంటీబయోటిక్ మందులను ప్రధాన తొట్టెలో వేయరాదు. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ గాలి పంపు అవసరం. వద్దనుకున్న చేపలను సువర్ణరేఖ, ఖర్కాయి నదులలో వదలరాదు. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా కూడ సిక్లిడే. అది దేశంలోని జలాశయాలలో ఎంతగా వ్యాపించినదో మత్స్యకారులకు తెలియనిది కాదు.

వర్తకులకు, ఋణగ్రహీతలకు

దుకాణదారులు తొట్టె అమ్మిన రోజే చేపలను కూడ అంటగట్టరాదు. మాగిన స్పాంజిని తొట్టెతోపాటు ఇచ్చి, చేపలకు కొన్ని వారాల తరువాత రమ్మని చెప్పిన వర్తకుని వద్దకే కొనుగోలుదారు మరల వస్తాడు. కొత్తగా దిగిన చేపలను మాగిన స్పాంజి గల వేరు తొట్టెలో రెండు మూడు వారాలు పరిశీలనలో ఉంచి గాని అమ్మరాదు.

2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన మార్గదర్శకాలలో పెరటి అలంకరణ చేపల యూనిట్ వ్యయం 3 లక్షల రూపాయలుగాను, సబ్సిడీ సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 60 శాతంగాను నిర్ణయించారు. దరఖాస్తు చేసే నాటి నిబంధనలను తూర్పు సింగ్‌భూమ్ జిల్లా మత్స్య కార్యాలయంలో తెలుసుకోవాలి. చేపల పెంపకందారుల నిర్వహణ వ్యయానికి కిసాన్ క్రెడిట్ కార్డు సౌకర్యాన్ని 2018-19 బడ్జెట్‌లో ప్రకటించారు. దుకాణాలకు 2015లో మొదలైన ముద్రా ఋణాలు ఉన్నవి. శిక్షణకు భువనేశ్వర్ సమీపంలోని కౌసల్యాగంగ వద్ద కేంద్రీయ మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ ఉన్నది.

ప్రణాళిక తయారు చేయునప్పుడే ఈ ఆరు వారాలను లెక్కలో చేర్చాలి. మొదటి విడత సొమ్ము తొట్టెలకు, ఫిల్టర్లకు, పరీక్షా ద్రావణాలకు తీసుకొని, నీరు మాగిన కొలతల పుస్తకం చూపిన తరువాత చేపల కొనుగోలుకు రెండవ విడత కోరుట ఉభయులకు మేలు. తొలి వాయిదా తేదీని కూడ అమ్మకాలు మొదలయ్యే నాటిని బట్టి అడగాలి. ఆ ఆరు వారాల ఖాళీ తొట్టె పనిలేని తొట్టె కాదు. అది దుక్కి దున్ని, ఎరువు వేసి, విత్తనానికి సిద్ధంగా ఉంచిన చేను వంటిది.