మీకు తెలుసా? ఢోలక్‌పూర్ బుడతడు పుట్టింది హైదరాబాద్‌లోనే!

ధోవతి కట్టు, టున్‌టున్ మౌసి లడ్డూలు, రాజా ఇంద్రవర్మ కొలువు. ఇవన్నీ చూసి ‘ఛోటా భీమ్’ను ఉత్తరాది సరుకనుకునేవారు చాలామంది. కానీ ఆ బొమ్మలకు ప్రాణం పోసింది హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్. రాజీవ్ చిలకా 2001లో పెట్టిన సంస్థ అది. 2008 ఏప్రిల్‌లో పోగో చానల్లో తొలి ప్రసారం. 2012లో ‘కర్స్ ఆఫ్ దమ్యాన్’తో సినిమా హాళ్లకు. అదే కథను 2024లో నటీనటులతో మళ్లీ తీశారు. భారతంలోని భీముడితో ఇతడికి చుట్టరికం పేరు, బలం, తిండిపుష్టి వరకే.

ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులు దగ్గరగా ఉన్న వెంకటగిరికోట వైపు ఒకే వీధిలో మూడు భాషలు వినిపిస్తాయి. పోగో హిందీతో పాటు తెలుగులో, తమిళంలో కూడా వచ్చింది కాబట్టి భీమ్ అక్కడి పిల్లలకు ఏ ఇంట్లోనూ పరాయివాడు కాదు.

అసలు విచిత్రం 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘మైటీ లిటిల్ భీమ్’. ఇందులో భీమ్ ఇంకా పాకే పసివాడు. కేరింతలు, ఏడుపులే తప్ప సంభాషణలు లేవు. ఏ దేశపు పిల్లలకైనా డబ్బింగ్‌తో పనే లేదు.