పంచరాగంలో మావాడి ట్రంపెట్

"ట్రంపెట్టా? బ్యాండుమేళంలో ఊదుతారే, అదేనా?" అంది అమ్మ ఫోన్లో. మేము జార్జ్ టౌన్ వచ్చిన రెండో ఏడు మావాడు స్కూలు బ్యాండులో చేరాడు. అమ్మని అనేదేముంది, నాకూ ముందు గుర్తొచ్చింది అదే. మా ఊళ్ళో పెళ్ళి ఊరేగింపు, పెట్రోమాక్స్ దీపాలు, ఎర్ర కోట్లు తొడుక్కుని సినిమా పాటలు ఊదే మనుషులు. వాళ్ళకి భోజనం ఆఖరి బంతిలో. అన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళాను గానీ, వాళ్ళలో ఒక్కరి పేరు కూడా నాకు తెలియదు.

ఇక్కడ మలయ్ భాషలో బ్యాండుని 'పంచరగం' అంటారు. మన సంస్కృతం మాటలే, పంచ, రాగం. పేరు గౌరవంగానే ఉంది. చిక్కల్లా శనివారం పొద్దున్నతో. బ్యాండు ప్రాక్టీసు, లెక్కల ట్యూషను ఒకే వేళకి. ఏది మానాలన్నది మా ఇంట్లో తెగని తగువు. తీర్పు చెప్పేముందు అసలా వాయిద్యం సంగతేమిటో తెలుసుకుందామని కూర్చున్నాను.

ట్రంపెట్ అంటే చుట్ట చుట్టిన ఇత్తడి గొట్టం. సాపు చేస్తే దాదాపు మీటరున్నర ఉంటుంది. పెదవులు బిగించి ఊదితే అవి అదురుతాయి, ఆ అదురుకి గొట్టంలో గాలి పలుకుతుంది. మీటలు మూడే. మొదటిది నొక్కితే శ్రుతి రెండు స్వరస్థానాలు దిగుతుంది, రెండోది నొక్కితే ఒకటి, మూడోది నొక్కితే మూడు. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి ఇది మూడు బిట్ల లెక్క, మొత్తం ఎనిమిది రకాలు. మొదటి రెండూ కలిపి నొక్కినా మూడే దిగుతుంది కనక, నిజానికి ఏడే. ఈ ఏడింటితో అన్ని స్వరాలు ఎలా వస్తాయంటే, మిగతా పనంతా పెదవులది. ఒక్క మీటా నొక్కకుండానే, బిగువు మార్చి స, ప, పై స, పై గ పలికించాలి. మావాడికి స నుంచి ప కి వెళ్ళడానికే రెండు నెలలు పట్టింది.

వయొలిన్ మన కచేరీలో కలిసిపోయింది, ట్రంపెట్ కలవలేదు. దానికి ఒక ముఖ్య కారణం ఈ మీటలే. వయొలిన్ తీగ మీద వేలు జారుతుంది, గమకం పలుకుతుంది. మీట అలా జారదు, మెట్టు మీంచి మెట్టు మీదకి దూకుతుంది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతుల్లో వయొలిన్ సభలో ముందు వరసకి వచ్చింది. ట్రంపెట్ మాత్రం ఊరేగింపుతో వీధిలోనే ఉండిపోయింది.

ఈ దేశంలో దాని దారి వేరు. ఇక్కడి జానపద మేళం రోంగెంగ్. వయొలిన్, అకార్డియన్, రెబానా అనే డప్పులు, ఒక గాంగ్. అందులో 'జోగెట్' అనే నాట్యపు నడక వింటే మనకి కొత్తగా ఉండదు. ఆరు మాత్రల్ని ఒకసారి రెండు మూళ్ళుగా, ఇంకోసారి మూడు రెళ్ళుగా విరుస్తారు. ఇలాంటి నడకల్ని ఇత్తడి వాయిద్యాలున్న ఆర్కెస్ట్రా పాటల్లోకి తెచ్చినవాళ్ళలో పి. రామ్లీ పేరు ముందు చెప్పాలి. ఆయన 1929లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. ఆ చెక్క ఇల్లు ఇప్పుడు మ్యూజియం, ఆ వీధికి ఆయన పేరే.

ఆయన 1962లో తీసిన సినిమా 'ఇబు మర్తువాకు', అంటే 'మా అత్తగారు'. సింగపూర్ డబ్బున్నావిడ కూతురు ఒక శాక్సఫోన్ వాద్యగాణ్ణి ప్రేమిస్తుంది. అతను డాక్టరూ కాదు, లాయరూ కాదు, వట్టి వాద్యగాడని తెలిసి తల్లి మండిపడుతుంది. ఇద్దరూ పెనాంగ్ వచ్చి కాపురం పెడతారు, లేమి వెంటాడుతుంది. ఆ తల్లి మాటలు వింటుంటే నాకు పెళ్ళిసంబంధాలు మాట్లాడే మా బంధువులే కనిపించారు. కొంచెం సేపయ్యాక నేనూ కనిపించాను.

ఆవిడ భయం ఉత్తది కాదు. రామ్లీ అంతటివాడు చివరి ఏళ్ళలో సినిమాలు ఆడక, డబ్బుకి ఇబ్బంది పడి, 1973లో 44 ఏళ్ళకే పోయాడు. 'తాన్ శ్రీ' బిరుదు 1990లో ఇచ్చారు. ఈ ఊళ్ళోనే ఇంకో దారి కూడా ఉంది. జిమ్మీ బాయిల్ పగలు బడిపంతులు, సాయంత్రం జాజ్ పియానో. మలయ్ బాణీలని జాజ్‌లో కలిపిన మనిషి.

ట్యూషను సాయంత్రానికి మార్చాను. పెద్ద త్యాగమేం కాదు, మాస్టారికి ఒక ఫోను.

మొన్న స్కూల్లో కచేరీ జరిగింది. ఆర్కెస్ట్రాలో ట్రంపెట్‌కి ఊదే పనికన్నా ఆగే పనే ఎక్కువట. ముప్ఫైరెండు బార్లు లెక్కపెట్టుకుంటూ కూచుని, రెండు బార్లు ఊది, మళ్ళీ కూచోవాలి. తప్పితే హాలంతటికీ వినిపిస్తుంది. వాడితోపాటు నేనూ వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలెట్టాను. పంతొమ్మిది దగ్గర నాకు లెక్క తప్పింది. వాడు సరిగ్గా వేళకి ట్రంపెట్ పైకెత్తాడు.